అమ్మకు తోడిపెళ్ళికూతురు

ఏప్రిల్ 2

అమ్మ పెళ్ళి చేసుకుంటుందట.

రాసి చూసుకుంటే నమ్మకం కుదురుతుందేమోనని రాశాను. కుదరలేదు.

సాయంత్రం నేను షాపు నుంచి వచ్చేసరికి దుప్పట్లు మడతపెడుతోంది. హోటల్ లాండ్రీలో పొద్దుటి నుంచీ అదే పని, ఇంటికొచ్చినా అదే పని. రెండు కొసలు నా చేతికిచ్చి, మిగతా రెండు తను పట్టుకుని, మధ్యకు నడిచి వస్తూ చెప్పింది.

"నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నానే."

"ఎవరిని?" అన్నాను. ఎందుకు అని అడగాల్సింది. నోటికి అదే వచ్చింది.

"బస్సు డ్రైవరు గారిని. చెప్పాను కదా, రిటైరయ్యారని."

చెప్పింది. చాలాసార్లే చెప్పింది. తెల్లవారే మొదటి బస్సులో తను ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చుంటుందనీ, తను పరుగెత్తుకొస్తుంటే ఆయన తలుపు వెయ్యకుండా బండి ఆపి ఉంచుతాడనీ. నేను బస్సు గురించి చెబుతోందనుకున్నాను.

దుప్పటి నా చేతిలోంచి జారింది. అమ్మ వంగి తీసుకుని దులిపింది.

"ఇంకో మాట. నువ్వు నాకు తోడిపెళ్ళికూతురిగా నిలబడాలి."

నవ్వాను. "అమ్మా, తోడిపెళ్ళికూతురంటే పదేళ్ళ పిల్ల. కొత్త గౌను వేసుకుని పెళ్ళికూతురి పక్కన ఆవలిస్తూ ఉంటుంది. నాకు ముప్పై ఆరు."

"నాకు యాభై తొమ్మిది. పెళ్ళికూతురే ఇలా ఏడిస్తే తోడిపెళ్ళికూతురు ఇంకెలా ఉంటుంది?" అంది. తర్వాత, దుప్పటి వైపు చూస్తూ, "ఆయనకి కూడా నువ్వుంటే బాగుంటుందని ఉంది" అంది.

ఆయన.

మా ఇంట్లో ఆ మాటకి ఒక్కటే అర్థం. ఆయన వచ్చారా, ఆయన తిన్నారా, ఆయన నిచ్చెన ఎవరు తీశారు. నాన్న పోయి నాలుగేళ్ళయినా అమ్మ 'ఆయన' అంటే పిన్నికీ, తమ్ముడికీ, నాకూ ఎవరని అడగాల్సిన పని లేదు. ఇవాళ ఆ మాట ఎంత సులువుగా ఇంకో మనిషి మీదికి వెళ్ళి కూర్చుందో.

ఏప్రిల్ 3

నాకేం కోపం లేదు. సంతోషమే.

ఏప్రిల్ 6

పిన్ని వచ్చింది. గుమ్మంలోనే అమ్మని వాటేసుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకోకుండానే, "ఏమే అక్కా, నాకంటే ముందు నువ్వు రెండోది చేసుకుంటావా, నా మొగుడింకా గుండ్రాయిలా ఉన్నాడే!" అంది. అమ్మ నవ్వలేక కుర్చీలో కూలబడింది. అమ్మ అంతలా నవ్వి ఎంత కాలమైందో గుర్తుచేసుకోబోయి మానేశాను.

పిన్ని అన్నిటికీ ఒప్పేసుకునే మనిషి. అది నాకు ఎప్పుడూ నచ్చేది. ఇవాళ నచ్చలేదు.

"నలుగురూ నవ్వరా పిన్నీ?" అన్నాను.

"నవ్వనీవే. నవ్వితే ఆరోగ్యమట. మన వల్ల నలుగురు బాగుపడితే మనకేం నష్టం?"

నేను వంటింట్లోకి వెళితే వెనకాలే వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "తోడిపెళ్ళికూతుర్ని ఎందుకు పెడతారో తెలుసా నీకు? మా అమ్మమ్మ చెప్పేది. పూర్వం పెళ్ళికూతురి ఈడుదాన్నే ఒకదాన్ని వెతికి, అచ్చం పెళ్ళికూతురిలాగే ముస్తాబు చేసి పక్కన నిలబెట్టేవారట. కీడు వెతుక్కుంటూ వచ్చినా, ఇద్దర్నీ చూసి, అసలు పిల్ల ఎవరో తేల్చుకోలేక వెనక్కి పోతుందట."

"తేల్చుకుంటే?"

"ఎప్పుడూ అంతేనే నువ్వు. కథ చెబితే కథలా వినవు."

తమ్ముడికి ఫోన్ చేసింది అమ్మ. ఏదో నొక్కబోయి స్పీకర్లో పెట్టేసింది, అందుకే మేం అందరం విన్నాం.

"అమ్మా, నీకేం తక్కువ చేశాం మేము?" అన్నాడు.

"ఏమీ తక్కువ చెయ్యలేదురా."

"మరి?"

వాడు పెళ్ళికి రానన్నాడు. అమ్మ "సరే నాన్నా, భోంచేశావా?" అంది. పిన్ని ముఖం అటు తిప్పుకుంది.

వాడన్నదాంట్లో తప్పేముంది? నేను అడగాల్సింది వాడు అడిగాడు. నేను మంచిదాన్నై కూర్చున్నాను, వాడు చెడ్డవాడయ్యాడు.

ఏప్రిల్ 11

డ్రైవరు గారు ఇంటికి వచ్చారు.

పొడుగు మనిషి. మా మేడ మెట్లెక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడ్డారు. చెప్పులు వదలడానికి అంతసేపు ఎందుకో నాకు అర్థం కాలేదు. అమ్మ "కూర్చోండి" అంటే, గోడకు ఆనించి ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. కిటికీ పక్క చేతుల కుర్చీ ఖాళీగానే ఉంది. అది నాన్నదని ఆయనకు ఎవరు చెప్పారో!

నేను టీ ఇచ్చాను. మర్యాదగానే ఇచ్చాను. చక్కెర ఎంత అని అడగలేదు, అంతే.

ఆయన గోడ మీద నాన్న ఫోటో వైపు చూసి, లేచి దగ్గరికి వెళ్ళి, మళ్ళీ చూశారు.

"ఈయన నాకు తెలుసు!" అన్నారు.

అమ్మ బిత్తరపోయింది.

"ఎలక్ట్రీషియనా? నిచ్చెన మనిషి! నా బస్సులోకి నిచ్చెన ఎక్కిస్తానని గొడవ పెట్టుకున్నాడండీ. నేను కుదరదన్నాను. 'ఇది నిచ్చెన కాదు, నా భాగస్వామి, దీనిక్కూడా టికెట్టు తీసుకుంటాను' అన్నాడు. బస్సంతా నవ్వు. నేను దించేశాను. దిగాక ఏం చేశాడో తెలుసా? ఆ నిచ్చెన రోడ్డు మీద నిలబెట్టి, ఎక్కి, నా కిటికీ దగ్గర మొహం పెట్టి, 'డ్రైవరు గారూ, మీరు దేవుడయ్యా' అని నమస్కారం పెట్టాడు!"

అది నాన్నే. ఇంకెవరైనా ఎలా అవుతారు? అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. ఆపుకోలేకపోయాను. ఇంటికొచ్చి ఆ గొడవ నాన్న మాకెందుకు చెప్పలేదో? చెప్పే ఉంటాడు. నేను వినలేదు.

నవ్వుతూ నవ్వుతూ ఆయనకి దగ్గు వచ్చింది. చాలాసేపు తగ్గలేదు. అమ్మ లేచి వెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యికి అలవాటుంది. ఎక్కడ వెయ్యాలో, ఎంతసేపు ఉంచాలో తెలుసు.

నేను కప్పులు తీసుకుని లోపలికి వచ్చేశాను.

ఏప్రిల్ 12

నిచ్చెన ఇంకా మెట్ల కింద ఉంది. ఇవాళ చూశాను. ఊరికే.

ఏప్రిల్ 19

ఇవాళ మధ్యాహ్నం ఆయన షాపుకి వచ్చారు. పెళ్ళికి కొత్త కళ్ళద్దాలు కావాలట. మామూలుగా నేను వెనక గదిలో ఉంటాను, అద్దాన్ని ఫ్రేముకు తగ్గట్టు అరగదీసి బిగించడం నా పని. ముందు కౌంటరులో అమ్మాయి సెలవు పెట్టింది, అందుకని నేనే కూర్చోబెట్టాను.

కళ్ళద్దాలు చెయ్యాలంటే రెండు కంటిపాపల మధ్య దూరం కొలవాలి. స్కేలు ముక్కు మీద ఆనించి, ఎదుటి మనిషి కళ్ళల్లోకి సూటిగా చూడాలి. ఇద్దరిలో ఎవరు చూపు తిప్పుకున్నా కొలత తప్పుతుంది. కొత్తవాళ్ళకి నవ్వొస్తుంది. ఆయన నవ్వలేదు. అలా సూటిగా చూస్తూనే చెప్పారు.

"తల్లీ, ఈ పెళ్ళి వద్దని మీ అమ్మకి మీరు చెప్పాలి."

నేను స్కేలు తియ్యలేదు.

"నా ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయట. స్పాంజి ఎండిపోతే చూడండి, అలా. దానికి మందు లేదు. వచ్చే చలికాలం సంగతి అడిగితే డాక్టరు గారు మాట మార్చేశారు."

"అమ్మకి తెలుసా?"

"అంతా తెలుసు. తెలిసే మొండికేసింది."

స్కేలు దించేశాను. "మీరే వద్దనొచ్చు కదండీ?"

"అన్నాను. రెండుసార్లు అన్నాను. నా మొహం చూసి, అబద్ధం అంది." కాసేపు ఆగారు. మాట్లాడితే మధ్యలో అలా ఆగుతారు, ఊపిరి కోసం. మొదటిరోజు అది గర్వమనుకున్నాను. "అబద్ధమే మరి. నాకు కావాలని ఉంది. ఒంటరిగా చాలా ఏళ్ళున్నాను. పొద్దున్నే స్టాపులో ఆవిడ లేకపోతే ఆ రోజు బండి నడిపినట్టే ఉండేది కాదు. అందుకని నా నోటితో గట్టిగా అనలేకపోతున్నాను. ఒక మనిషి పోవడం ఆవిడ ఒకసారి చూసింది. రెండోసారి నా వల్ల చూడకూడదు. మీరు చెబితే వింటుంది."

మళ్ళీ స్కేలు పెట్టి కొలిచాను. కొలత సరిగ్గా వచ్చింది.

వెళ్ళేటప్పుడు షాపు ముందు మెట్లు దిగి, ఆగి, అరుగు మీద కూర్చున్నారు. లోపలి నుంచి చూస్తూ ఉన్నాను. మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. లేచి వెళ్ళిపోయాక, గ్లాసు చేతిలో పట్టుకుని బయటికి వచ్చాను.

ఏప్రిల్ 20

ఆపడానికి నాకిప్పుడు కారణం దొరికింది. అదీ ఆయన చేతుల మీదుగా. అమ్మ మంచి కోసమే. నా కోసం కాదు. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు.

ఏమీ లేదు.

ఏప్రిల్ 22

చెప్పేశాను.

అమ్మ బంగాళాదుంపలు తరుగుతోంది. కత్తి ఆపకుండా విన్నది. ఆయన షాపుకి రావడం, అడగడం, అన్నీ. నేను పొడిగించాను కూడా. మళ్ళీ ఆస్పత్రులు, మళ్ళీ మందుల వాసన, మళ్ళీ ఏడుపు, నీకెందుకమ్మా, నేను లేనా అన్నాను. "నేను లేనా" అన్నప్పుడు గొంతు పెద్దదైంది.

"అయిందా?" అంది అమ్మ.

"అయింది."

"మీ నాన్న పోయినప్పుడు నేనెక్కడున్నాను?"

ఇద్దరం అక్కడే ఉన్నాం. వార్డు బయట వరండాలో, ఒకదానికొకటి అతికించిన ప్లాస్టిక్ కుర్చీల్లో. లోపల పని ఉంది, బయట కూర్చోండి అన్నారు. కూర్చున్నాం.

"పిలిచేసరికి దుప్పటి కప్పేశారు. ఒకవైపు అంచు కిందికి వేలాడుతోంది. నేను దాన్ని సరిచేశాను. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆఖర్న నేను చేసింది అదేనే. దుప్పటి అంచు సరిచెయ్యడం." కత్తి పక్కన పెట్టింది. "ఆ తర్వాత మొదటిసారి పనికి వెళ్ళిన రోజు నేను దిగాల్సిన స్టాపులో దిగలేదు. ఏడుస్తూ కూర్చున్నాను. చివరి స్టాపు వచ్చింది. అందరూ దిగిపోయారు. ఆయన అద్దంలో చూశాడు. ఏంటమ్మా అనలేదు, ఎందుకమ్మా అనలేదు. బండి తిప్పుకుని వచ్చి మళ్ళీ మన వీధి మొదట్లో దింపాడు. 'ఇవాళ్టికి పని వద్దులెండి' అన్నాడు. అంతే."

"అది మంచితనమమ్మా. దానికి పెళ్ళెందుకు?"

"జనవరిలో ఆయన్ని ఆస్పత్రిలో పెట్టారు. చూడటానికి వెళ్ళాను. మీరేమవుతారు అన్నారు తలుపు దగ్గర. ఏం చెప్పను? ప్యాసింజర్ని అన్నాను." అమ్మ నవ్వబోయింది. "వాళ్ళు నవ్వారు. లోపలికి పంపలేదు. ఇంటివాళ్ళకే అన్నారు. మళ్ళీ అవే కుర్చీలు. వేరే ఆస్పత్రే కానీ కుర్చీలు అవే. ఆ రోజు అనుకున్నాను, ఈసారి నేను లోపలుంటాను అని."

బంగాళాదుంపలు నల్లబడుతున్నాయి. ఇద్దరం చూస్తూ ఉన్నాం.

"ఆస్పత్రి కోసం కూడా కాదులే" అంది మెల్లగా. "ఇష్టమే. ఈ వయసులో ఆ మాట కూతురితో అనడానికి సిగ్గేసి ఆస్పత్రిని అడ్డం పెట్టుకుంటున్నాను."

"అయితే తోడిపెళ్ళికూతురు ఏం చెయ్యాలి?" అన్నాను. అడగాలనుకుని అడగలేదు. వచ్చేసింది.

"పక్కన నిలబడాలి. భయమేస్తే నీ మొహం చూస్తాను. అప్పుడు నువ్వు ఏడవకూడదు."

"అంతేనా?"

"అది చాలా కష్టమే."

ఏప్రిల్ 23

ఆయన ఫోన్ చేశారు. "చెప్పారా తల్లీ?" అన్నారు. చెప్పానండీ, వినలేదు అన్నాను. అవతల చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది. తర్వాత "హమ్మయ్య" అన్నారు. వెంటనే "క్షమించండి" అన్నారు.

ఏప్రిల్ 29

బట్టలు కుట్టించాం. ఇద్దరికీ ఒకే గుడ్డ, లేత పసుపు. పిన్ని పట్టుబట్టింది. "ఒకే తానులో ముక్కలుగా ఉండాలి" అంది. అద్దంలో ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. నేను అమ్మలా ఉన్నానని అందరూ ఎప్పుడూ అనేవారు. నాన్నలా ఉన్నానని నేను వాదించేదాన్ని.

కళ్ళద్దాలు పూర్తిచేశాను. ఓనరు చేస్తానన్నాడు, నేనే చేశాను. ఒకసారి అంచు కొంచెం ఎక్కువ అరిగింది. పారేసి ఇంకో అద్దం తీసుకున్నాను.

మే 5

పెళ్ళయింది.

రిజిస్ట్రారు ఆఫీసులో పదిన్నరకి పిలుస్తామన్నారు. పదింటికి అమ్మ "ఇప్పుడే వస్తాను" అని బాత్రూములోకి వెళ్ళింది. రాలేదు. ఆయన బెంచీ మీద బూడిదరంగు కోటులో నిటారుగా కూర్చున్నారు. ఆ కోటు బస్సు కంపెనీ వాళ్ళు రిటైరైనప్పుడు ఇచ్చిందట. కొత్త కళ్ళద్దాలు. నా వైపు చూసి, తల తలుపు వైపు తిప్పారు.

వెళ్ళి తలుపు కొట్టాను. "నేనే."

గడియ తీసింది. వాష్‌బేసిన్ అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. మొహమంతా తడి.

"నా వల్ల కాదే" అంది. "నేను మళ్ళీ చూడలేను. గొప్పగా చెప్పాను కానీ చూడలేను. ఆయన ఇందాక మెట్లెక్కుతుంటే విన్నావా ఆ ఊపిరి?"

ఇరవై రోజుల కింద ఈ మాట వింటే ఎగిరి గంతేసేదాన్ని. ఇవాళ ఏడవకూడదు అన్నది గుర్తొచ్చింది.

"అమ్మా, ఈ బాత్రూము పక్కన వెనక గేటుంది. నేను చూశాను. టాక్సీ పిలుస్తాను. ఎక్కి ఇంటికి వెళ్ళిపోదాం. ఆయనకి నేను చెబుతాను. ఎందుకని నిన్ను ఒక్క మాట అడగను, ఇవాళే కాదు, ఎప్పుడూ అడగను. పిన్నిని కూడా అడగనివ్వను."

అమ్మ నన్ను అద్దంలోంచి చూసింది. "ఆపెయ్యమంటున్నావా?"

"లేదు. ఆపను, తొయ్యను. నువ్వు ఎటు నడిస్తే అటు నీ పక్కన నడుస్తాను."

కుళాయి కారుతూనే ఉంది. అమ్మ దాన్ని కట్టేసింది. గట్టిగా ముక్కు చీదింది.

"నా ముక్కు ఎర్రగా ఉందా?"

"ఉంది."

"పోనీలే. ఆయనకి దగ్గర చూపు ఆనదు."

"కొత్త అద్దాలు నేనే చేశానమ్మా. బ్రహ్మాండంగా ఆనుతుంది."

"అయ్యో నీ చేతులు పడ!" అంది. ఇద్దరం నవ్వుకుంటూ బయటికి వచ్చాం.

రిజిస్ట్రారు కుర్రవాడు. ఒకే రంగు బట్టల్లో మా ఇద్దర్నీ చూసి, "పెళ్ళికూతురు ఎవరండీ?" అని నన్ను చూస్తూ అడిగాడు. పిన్ని పకపకా నవ్వింది. నేను అమ్మని ముందుకు నడిపించి, పక్కన నిలబడ్డాను. ఆయన సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికితే, అమ్మ కాగితం కదలకుండా వేళ్ళతో నొక్కి పట్టుకుంది. అమ్మ ఒకసారి నా మొహం చూసింది. నేను ఏడవలేదు.

ఇంటికొచ్చాక ఏడ్చాను. నాన్న కోసం అనుకుంటాను.

మే 6

అమ్మ వాళ్ళింట్లో ఉంది. మా వీధికి రెండు వీధుల అవతల. దూరమేం కాదు.

దుప్పటి ఒక్కదాన్నే మడతపెట్టాను. రాదు. ఒక కొస ఎప్పుడూ జారుతుంది.

మే 28

ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. ఆక్సిజన్ మిషను గదిలో మూల పెట్టారు. దాని పైపు, ఆయన ఇంట్లో ఎక్కడికి వెళితే అక్కడికి వెనకాలే పాకుతుంది. అమ్మ దాన్ని దాటుకుంటూ తిరుగుతోంది. "రూటు మారకూడదు, పైపు ఎంతవరకో అంతవరకే సర్వీసు" అన్నారాయన. అమ్మ తింటున్నది వదిలేసి నవ్వింది.

నేను ఆయన్ని ఏమని పిలవాలో తెలియక ఏమీ పిలవకుండా మాట్లాడుతున్నాను. "ఇదిగోండి", "చూడండి", "మిమ్మల్నే". ఆయనకి తెలుసు. ఒకసారి నీళ్ళందిస్తూ "ఏమండీ" అన్నాను. అది అమ్మ పిలిచే పిలుపు. ముగ్గురం ఒక్కక్షణం బిగుసుకుపోయాం. తర్వాత అమ్మ, "ఆ పోస్టు ఖాళీ లేదే" అంది.

వచ్చే దారిలో కూడా నవ్వు వస్తూనే ఉంది.

జూన్ 14

తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ ఎలా ఉంది అన్నాడు. బాగుంది అన్నాను. "నిజంగానా?" అన్నాడు. నిజంగానే అన్నాను. "ఆయన?" అన్నాడు.

బాగాలేరు అన్నాను.

జూన్ 30

ఆస్పత్రి. అమ్మ లోపల.

జూలై 3

అమ్మని తలుపు దగ్గర ఎవరూ ఏమీ అడగడం లేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. సాయంత్రాలు నేను వెళితే బయటికి వచ్చి నా భుజం మీద తల పెట్టి కాసేపు నిలబడి, మళ్ళీ లోపలికి పోతుంది. తిండి లేదు. కట్టిన బట్టలు మార్చలేదు. పాదాలు వాచాయి.

"ఇంటికెళ్ళి కాస్త నడుం వాల్చు" అంటే తల ఊపుతుంది. వెళ్ళదు.

జూలై 8

ఎలా రాయాలో తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం డాక్టరు చూసి, ఇవాళ కొంచెం నయమే అన్నారు. ఆయన సగం ఇడ్లీ పాటి కూడా తినలేదు కానీ గంజినీళ్ళు తాగారు. అమ్మ ఒంటి నుంచి చెమట వాసన వస్తోంది. నేనే అన్నాను. "అమ్మా, ఇంటికెళ్ళి ఒంటి మీద నాలుగు చెంబులు పోసుకుని, బట్టలు మార్చుకుని రా. నేను కూర్చుంటాను." వద్దంది. ఆయన కూడా వెళ్ళమని సైగ చేశారు. "వర్షం పడేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళు" అని నేనే గొడుగు చేతిలో పెట్టాను. వెళ్ళింది.

వాన మొదలైంది. ఆయన కళ్ళు మూసుకున్నారు. మాస్కు అడ్డమని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి ఉన్నాయి. ఒక గంట గడిచిందేమో. ఊపిరి చప్పుడు మారింది. నేను లేచి నర్సుని పిలిచాను. నర్సు వచ్చి చూసి, మాస్కు సర్ది, డాక్టర్ని తీసుకొస్తానని వెళుతూ, నా వైపు తిరిగి, "చెయ్యి పట్టుకోండి" అంది.

పట్టుకున్నాను. పెద్ద చెయ్యి. స్టీరింగు పట్టీ పట్టీ అరచెయ్యి గట్టిపడిపోయింది.

ఆయన కళ్ళు తెరిచారు. అద్దాలు లేకుండా ఆయనకి ఎంత కనిపిస్తుందో నాకు తెలుసు. మనిషి కనిపిస్తుంది, మొహం కనిపించదు.

"వచ్చారా?" అన్నారు.

నేను కాదండీ, అమ్మ వస్తోంది అనాలి. అది నిజం. కానీ ఆయన మొహంలో ఎదురుచూపు అప్పుడే తీరిపోయి ఉంది.

"వచ్చాను" అన్నాను.

"తడిశారా?"

"లేదండీ. తడవలేదు."

"కూర్చోండి" అన్నారు. చాలాసేపటి తర్వాత, "తలుపేసేస్తాను" అన్నారు.

కూర్చున్నాను. చెయ్యి వదల్లేదు. డాక్టరు వచ్చారు. తర్వాత చెయ్యడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

అమ్మ వరండాలో నడిచి వస్తుంటే దూరం నుంచే చూశాను. ఉతికిన బట్టలు, తడి జుట్టు. నన్ను వార్డు బయట చూసి ఆగిపోయింది. నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"ఎప్పుడు?"

"ఇందాకే."

"ఒక్కడే ఉన్నాడా?"

"లేదమ్మా. నేనున్నాను. చెయ్యి పట్టుకునే ఉన్నాను."

"ఏమైనా అన్నాడా?"

అమ్మ వచ్చేలోగా వందరకాలుగా అల్లుకున్నవన్నీ పోయాయి. "నిన్ను పిలిచారు" అన్నాను. "నేను పలికాను. నువ్వే అనుకున్నారు."

అమ్మ నన్ను చాలాసేపు చూసింది. తల ఊపింది. లోపలికి వెళ్ళింది.

జూలై 9

తమ్ముడు వచ్చాడు. అమ్మ పక్కన నిలబడ్డాడు. ఆయనతో పనిచేసిన డ్రైవర్లు చాలామంది వచ్చారు. ఎవరో అమ్మకి కుర్చీ తెచ్చి వేశారు. అమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్ళని భోంచేశారా అని అడుగుతోంది.

నాతో మాట్లాడటం లేదని ఎవరూ గమనించలేదు.

జూలై 16

అమ్మ మా ఇంటికి వచ్చింది. ఉంటుందో పోతుందో చెప్పలేదు. అడగలేదు.

జూలై 23

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం అమ్మ గిన్నెలు కడుగుతోంది. నేను తుడుస్తున్నాను. ఉన్నట్టుండి గిన్నె తొట్టిలో విసిరికొట్టింది.

"ఎందుకు పంపావే నన్ను?"

నేను గుడ్డ పట్టుకుని నిలబడ్డాను.

"స్నానం చెయ్యమని నిన్నడిగానా? కంపు కొడితే కొట్టాను. ఆయనకి లేని బాధ నీకెందుకు? నేను లోపలుండాలని, ఒక్క దానికోసం, అది ఒక్కటే అడిగాను కదే నేను, ఇంకేమీ అడగలేదు కదే!" నా భుజం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. చేతికి సబ్బు నురగ ఉంది. "నా మాట నువ్వెందుకు పలికావు? అది నా మాట. నేను పలకాలి."

అవునమ్మా, అన్నాను. డాక్టరు నయమన్నాడని అనలేదు. నీ మంచికే అనలేదు. ఆయన కూడా వెళ్ళమన్నారని అనలేదు. ఇన్నాళ్ళూ ఇవన్నీ వరసగా పేర్చి పెట్టుకున్నాను, అడిగితే చెబుదామని. ఒక్కటీ నోటికి రాలేదు. అవునమ్మా, నువ్వే పలకాలి, అన్నాను.

కొట్టి కొట్టి అలిసిపోయి, వంటింటి గట్టుకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. అప్పుడు వచ్చింది ఏడుపు. నాన్నప్పటిది, ఇప్పటిది, అంతా కలిసి. నేను పక్కన నేల మీద కూర్చున్నాను. కుళాయి కట్టెయ్యలేదు, కట్టెయ్యడానికి లేవాలనిపించలేదు.

చాలాసేపటికి, "ఎలా అన్నాడు? అన్నట్టే చెప్పు" అంది.

చెప్పాను. వచ్చారా అన్నది, తడిశారా అన్నది, కూర్చోమన్నది. ఆయన ఎక్కడెక్కడ ఆగారో అక్కడ నేనూ ఆగి చెప్పాను. తలుపు మాట చెప్పేసరికి అమ్మ కళ్ళు మూసుకుంది.

"మళ్ళీ చెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను. మూడోసారి చెబుతుండగా నా ఒళ్ళో తల పెట్టుకుని, అలాగే, తడి చేతులతోనే నిద్రపోయింది.

వంటింటి కిటికీలోంచి ఎండ నేల మీదికి వచ్చి, గోడ దాకా పోయింది. కాలు తిమ్మిరెక్కింది. కదపలేదు.